పెద్దమ్మ తెరిచిన వాల్వు

1997 మే నెల. కృష్ణగిరి చుట్టుపక్కల మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలు సీజనుకు తయారవుతున్న రోజులు. ఆ నెలలో హోసూరులో బస్సెక్కి కళ్ళు మూసుకుని కూర్చున్నా, దిగాల్సిన చోటు ముక్కే చెబుతుంది. శూలగిరి దాటితే వాసన మొదలవుతుంది. కృష్ణగిరి దగ్గరికి వచ్చేసరికి ఒట్టి గాలి పీల్చినా అరగడానికి సోడా తాగాలి. నమ్మనివాళ్ళు మే నెలలో వచ్చి పీల్చి చూడవచ్చు.

నేను అప్పుడు హోసూరులో ఒక పంపుల షాపులో మెకానిక్కుని. పంపు అమ్మేది షాపు యజమాని, బిగించేది నేను, అది నడవకపోతే తిట్లు తినేదీ నేనే. ఆ సంవత్సరం కృష్ణగిరి దారిలో ఉన్న ఒక గుజ్జు ఫ్యాక్టరీకి కొత్త సెంట్రిఫ్యూగల్ పంపు బిగించాను. యజమాని గోపాలరెడ్డి. తోటలున్న కుటుంబం. పేరుకు ఆయన యజమాని అయినా ఆ ఆవరణలో చెల్లేది వాళ్ళమ్మ చెన్నమ్మ మాట. పనివాళ్ళంతా ఆమెను పెద్దమ్మ అనేవాళ్ళు. ఆమె గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే లారీలు కూడా హారన్ కొట్టకుండా లోపలికి వచ్చేవి.

గుజ్జు ఫ్యాక్టరీలో పండు కంటే ముందు కావలసింది నీళ్ళు. పండు కడగడానికి నీళ్ళు, బాయిలరుకు నీళ్ళు, గుజ్జు నింపిన డబ్బాలు చల్లార్చడానికి నీళ్ళు. ఆ నీళ్ళన్నిటినీ కిందనున్న తొట్టి నుంచి తోడి, షెడ్డు మీది ట్యాంకుకూ కడిగే చోటికీ తోసేది ఈ ఒక్క పంపే. దీని కడుపులో ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం ఉంటుంది. అది గిర్రున తిరిగి మధ్యలోకి వచ్చిన నీళ్ళను అంచుకు విసిరికొడుతుంది. ఆ విసురే ఒత్తిడిగా మారి నీళ్ళను పైకి పంపుతుంది. గంగాళంలో చెయ్యి పెట్టి తిప్పితే నీళ్ళు అంచు ఎక్కుతాయి కదా, అంతే సంగతి.

ఈ పంపును నడపమని రెడ్డిగారు మునిరాజు అనే మనిషికి అప్పగించారు. అంచెట్టి కొండల వైపు ఊరు. వాన పడితే రాగి పండే చిన్న చేను. వానను నమ్ముకోలేక భార్యతో వచ్చి, చాలా సీజన్లు ఇక్కడే పండ్ల బుట్టలు మోశాడు. నడుము పట్టేయడం చూసి రెడ్డిగారే పంపుగదిలో వేశారు. నేను రెండు రోజులు దగ్గరుండి నేర్పించాను. ముందు పంపు కడుపు నిండా నీళ్ళు పొయ్యాలి. దీన్నే ప్రైమింగ్ అంటాం. ఈ పంపు నీళ్ళను విసరగలదు గానీ గాలిని విసరలేదు. పైనున్న చిన్న కొళాయి తెరిస్తే మొదట బుసబుసమని గాలి పోతుంది, తరువాత నీళ్ళు తెగకుండా వస్తాయి. అప్పుడు కొళాయి కట్టెయ్యాలి. నీళ్ళు బయటికి పోయే దారిలో ఉండే డెలివరీ వాల్వు మూసి ఉంచి స్విచ్చు వెయ్యాలి. మోటారు పూర్తి వేగం అందుకున్నాక వాల్వు మెల్లగా తెరవాలి. మునిరాజు ఇదంతా ముగ్గు వేసినంత ఒద్దికగా నేర్చుకున్నాడు. నేను సంతోషంగా హోసూరు పోయాను.

సీజను మొదలుపెట్టే పూజ రోజు పొద్దున్నే షాపుకు ఫోను వచ్చింది.

"ఏమప్పా, నువ్వు పెట్టిన పంపు పూజనాడే పడకేసింది," అన్నారు రెడ్డిగారు. "మూడుతూర్లు స్విచ్చు ఒత్తినాము. మూడుతూర్లూ పడిపోయింది."

"మోటారు కాలిన వాసన ఏమైనా వచ్చిందా అన్నా?"

"ఈడ సాంబ్రాణి పొగలో మోటారు వాసన ఎవురికి తెలస్తాది? బిరిన్నే రా. లారీలు వచ్చి నిలిచిపోయినాయి."

పోయి చూస్తే ఫ్యాక్టరీ ఆవరణ వింతగా ఉంది. గేటు బార్లా తెరిచి ఉంది. తలుపులు, కిటికీలు, బీరువాలు అన్నీ తెరిచే ఉన్నాయి. పనివాళ్ళ టిఫిను డబ్బాలు వరసగా మూతలు తీసి పెట్టి ఉన్నాయి. లెక్కలు రాసే గుమాస్తా అయితే రేకుల కప్పు కింద గొడుగు తెరుచుకుని కూర్చున్నాడు. చెప్పులకు తెరిచేది ఏమీ లేదు గనుక వాటిని మాత్రం వదిలేశారు.

మునిరాజు పంపుగది బయట ఇటుకల కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఏమైందప్పా?" అన్నాను.

"నా చెయ్యి మంచిది కాదంటన్నా. ఇంగ పంపు తావకి రావద్దని పెద్దమ్మ చెప్పేసింది. నా పెండ్లాము ఆ షెడ్డులోనే పండ్లు ఏరతా ఉండాది. ఆమె గూడా విన్నింది."

ఈ మాట బరువు బయటివాళ్ళకు తెలియదు. మా వైపు గుజ్జు ఫ్యాక్టరీల్లో మొదటి పండు ఎవరు కోస్తారు, మొదటి స్విచ్చు ఎవరు వేస్తారు అన్నది పెద్ద విషయం. చెయ్యి మంచిదైతే సీజనంతా బాగుంటుందని నమ్మకం. ఒక మనిషి మీద చెయ్యి మంచిది కాదన్న మాట పడిందంటే అది మామిడి సొన మరక లాంటిది. చొక్కా చిరిగినా మరక పోదు. పంపుగదిలోనే కాదు, బుట్ట మొయ్యడానికి కూడా అతన్ని ముందు పిలవరు. ఏ ఫ్యాక్టరీకి పోయినా అతని కంటే ముందు ఆ మాట పోయి గేటు దగ్గర కాచుకుని ఉంటుంది.

"వాల్వు మూసినావా లేదా?" అని అడిగాను.

"మూసే పెట్టింటిని. పెద్దమ్మ వచ్చి చూసింది. మంచిపొద్దులో మూసినేది ఏమీ ఉండకూడదు, తెరువప్పా అనింది. తెరిచేసి స్విచ్చు వేసినాను."

"నేను నేర్పింది చెప్పలేదా ఆమెకు?"

మునిరాజు నా మొహం చూశాడు. "ఆమెకు నేను చెప్పేదా అన్నా?"

అక్కడితో జబ్బు దొరికింది. సెంట్రిఫ్యూగల్ పంపుకు ఒక గుణం ఉంది. ఎంత ఎక్కువ నీళ్ళు తోస్తే దాని మోటారు అంత ఎక్కువ కరెంటు తాగుతుంది. సీజను మొదట్లో పైపులన్నీ ఖాళీ. ఎదురు బరువు లేదు. దానికి తోడు వాల్వు బార్లా తెరిచి ఉంది. పంపు పెళ్ళి విందులో మొదటి పంక్తిలా ఒక్కసారిగా నీళ్ళ మీద పడింది. మోటారు తట్టుకోలేకపోయింది. మోటారు కాలిపోకుండా కాపాడే ఓవర్‌లోడ్ రిలే అనే పరికరం కరెంటు తెంచేసింది. మూడుసార్లూ అదే జరిగింది. నిజానికి పంపు, మోటారు, రిలే, మునిరాజు, అందరూ తమ తమ పని సరిగ్గానే చేశారు.

నేను రెడ్డిగారికి ఈ సంగతి చెప్పాను. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు.

"నాకు అర్థమైందప్పా. మా అమ్మకు చెప్పే ధైర్యం లేదు. ఒక పని చెయ్యి. మధ్యాహ్నం ఇంకో మంచిపొద్దు ఉండాది. ఈతూరి మా గుమాస్తాతో ఒత్తిస్తామంది అమ్మ. నువ్వు సుమ్మనే, ఎవురికీ తెలీకుండా పోయి ఆ వాల్వు మూసిపెట్టెయ్. పంపు నడిస్తే చాలు."

చాలా సులువైన దారి. పంపు నడుస్తుంది, లారీలు కదులుతాయి, నేను సాయంత్రానికి ఇల్లు చేరతాను. పంపుగది వైపు రెండు అడుగులు వేశాను కూడా. అప్పుడు తట్టింది. వాల్వు మూసి గుమాస్తా స్విచ్చు వేస్తే పంపు నడుస్తుంది, సందేహం లేదు. నడిచిందంటే ఏమవుతుంది? గుమాస్తా చెయ్యి మంచిదని, మునిరాజు చెయ్యి చెడ్డదని రుజువైపోతుంది. పొద్దున అది ఒట్టి మాట. మధ్యాహ్నానికి ఊరంతా కళ్ళారా చూసిన నిజం అవుతుంది. దాన్ని ఇక ఏ మెకానిక్కూ బాగుచెయ్యలేడు. స్విచ్చు వేస్తే మునిరాజే వెయ్యాలి, అదీ పెద్దమ్మ కళ్ళ ముందు.

పెద్దమ్మ తాంబూలం వేసుకుంటోంది. నేను పోయి కింద గట్టు మీద కూర్చున్నాను. అబద్ధం చెప్పడంలో నాకు కాస్త నైపుణ్యం ఉంది గనుక దానితోనే మొదలుపెట్టాను.

"పెద్దమ్మా, ఈ పంపులు పుట్టిన ఊరు కోయంబత్తూరు. ఆడ పూజనాడు వాల్వు మూసి, దానికి పసుపుగుడ్డ కట్టి, మూడు వీధుల ముత్తైదువులను పిలిచి..."

"మా అక్క కూతురు కోయంబత్తూరులోనే ఉండాది," అంది ఆమె. "ఆమె మొగుడు పంపులు పోతపోసే తావనే పని చేస్తాడు. ఫోను చేసి అడగనా?"

నేను సర్దుకుని కూర్చున్నాను. "వొద్దులే పెద్దమ్మా. ఎందుకు వాళ్ళకు శ్రమ."

"నీకు నోట్లో పండు పండతాదని మావాళ్ళు చెప్పింది నిజమే," అంది పెద్దమ్మ. కోపంగా కాదు. తమలపాకు ఈనె తీస్తూ నన్ను చూస్తోంది. "అడిగేదేదో నేరుగా అడుగు."

సరే, నేరుగానే అడిగాను. "పూజనాడు అన్నీ తెరిచి పెట్టే ఈ ఆచారం ఎవురు పెట్టినారు పెద్దమ్మా? ఏ ఫ్యాక్టరీలోనూ నేను చూడలేదు."

ఆమె ఆకుకు సున్నం రాసింది. "మా ఆయన పెట్టినాడు. మొదుట్లో ఈడ పాత పంపు ఉండె. దడక్కు దడక్కుమని కొట్టుకుంటా ఉండేది. ఒక పూజనాడు ఎవురో వాల్వు మూసింది చూసుకోకుండా పంపు మొదులుపెట్టేసినారు. పైపు పగిలి ఇనుపముక్క ఎగిరి మా ఆయన భుజానికి తగిలింది. ఆ పొద్దే చెప్పినాడు. ఇంగ ఈ ఫ్యాక్టరీలో మంచిపొద్దున మూసినేది ఏదీ ఉండకూడదు అని. ఆయన పోయినాక నేను ఇంగా జాస్తి చేసినాను. మరిచిపోకూడదు కదా."

ఇంకా చెప్పాలనుకున్న అబద్ధాలన్నీ పక్కన పెట్టేశాను. నా వృత్తిలో అది అరుదు.

అది పిస్టన్ పంపు. సైకిలుకు గాలి కొట్టే పంపులాగా ముందుకూ వెనక్కూ ఆడే రకం. అది తోసిన ప్రతిసారీ నీళ్ళు ఎటో ఒకవైపు పోయి తీరాలి. దారి మూస్తే ఏదో ఒకటి పగలాల్సిందే. దాన్ని తెరిచిన వాల్వుతోనే మొదలుపెట్టాలి. ఆ పెద్దాయన చెప్పింది అక్షరాలా సరైన పాఠం. పంపు మారింది, పాఠం మారలేదు. పాఠం కాస్తా తలుపులకు, డబ్బాలకు, గుమాస్తా గొడుగుకు పాకింది. ఇంత సేపూ ఆమెది చాదస్తం అనుకున్నాను. ఆమె చేసినది మొగుడి భుజానికి తగిలిన దెబ్బ జ్ఞాపకాన్ని కాపాడుకోవడం.

"పెద్దాయన చెప్పింది న్యాయమే పెద్దమ్మా," అన్నాను. "ఆ పంపుకు అదే సరి. కానీ ఇది వేరే జాతి. పాలు ఇచ్చే ఆవును పితికినట్టు ఎద్దును పితకబోతే ఏమైతాది?"

"తంతాది."

"పొద్దున అదే తన్నింది. మూడుతూర్లు."

ఆమె పెదవి కొంచెం కదిలింది. నవ్వు అనుకోవచ్చు. మళ్ళీ సర్దుకుంది. "అయినా మూసిపెట్టి మంచిపని మొదులుపెట్టేది యాడైనా ఉండాదాప్పా?"

"గృహప్రవేశం ఉండాదే. కొత్తింటి తలుపు ముందురోజే తెరిచి పెడితే ప్రవేశం ఏముండాది? మూసిన తలుపును మంచిపొద్దులో ఇంటి పెద్దలు తెరుస్తారు. ఈ వాల్వూ అంతే. మూసి పెడదాము. పంపు బాగా తిరగనీ. అప్పుడు మీ చేత్తో మీరు తెరవండి."

"నేనా?"

"ఇంటికి పెద్ద మీరు కాక ఇంగెవురు?"

ఆమె తమలపాకు పక్కన పెట్టింది. "సరే. స్విచ్చు గుమాస్తా వేస్తాడు."

"లేదు పెద్దమ్మా. మునిరాజే వెయ్యాల. పొద్దున తప్పు చేతిది కాదు, వాల్వుది. ఇప్పుడు చెయ్యి మారిస్తే, తప్పు చేతిదేనని జనం అనుకుంటారు."

"మళ్ళీ పడిపోతే?"

"పడిపోతే చెడ్డ చెయ్యి నాదని బోర్డు రాయించి మీ గేటుకు కట్టేసుకోండి. హోసూరు నుంచి నేనే పెయింటు తెస్తాను."

మధ్యాహ్నం అందరూ పంపుగది ముందు చేరారు. మునిరాజు పంపు కడుపు నింపాడు. చిన్న కొళాయిలో గాలి పోయి నీళ్ళు తీగలా వచ్చేదాకా ఆగి, దాన్ని కట్టేశాడు. షాఫ్టును, అంటే పంపు ఇరుసును, చేత్తో తిప్పి ఎక్కడా పట్టేయలేదని చూశాడు. డెలివరీ వాల్వు పూర్తిగా మూశాడు. పెద్దమ్మ వాల్వు చక్రానికి కుంకుమ పెట్టి రెండు చేతులతో పట్టుకుంది. మునిరాజు స్విచ్చు వేశాడు. మోటారు మూలిగింది, వేగం అందుకుంది, మోటారును మెల్లగా లేపే స్టార్టరు ఠక్కుమని పూర్తి కరెంటుకు మారింది. పొద్దున సరిగ్గా ఇక్కడే పడిపోయింది. ఈసారి పడిపోలేదు. కరెంటు చూపే ముల్లు లేచి, మళ్ళీ కిందికి దిగి కుదురుకుంది. ఒత్తిడి ముల్లు పైకి లేచింది.

"ఇప్పుడు తెరవండి పెద్దమ్మా," అన్నాను.

పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. ప్రార్థన మొదలుపెట్టింది. ముందు హోసూరు కొండ మీది దేవుణ్ణి పిలిచింది. తరువాత ఇంటి దేవుణ్ణి. తరువాత ఊరి అమ్మవార్లను, ఒక్కో ఊరుగా. ఇక్కడ ఇంకో ప్రమాదం ఉందని నేను ఆమెకు చెప్పలేదు. వాల్వు మూసి పంపును మొదలుపెట్టవచ్చు గానీ అలాగే నడపకూడదు. ఉన్న నీళ్ళే లోపల తిరిగి తిరిగి వేడెక్కుతాయి. ఎక్కువసేపు వదిలేస్తే లోపలే మరిగి ఆవిరై పంపును పాడు చేస్తాయి. నేను పంపు ఒంటి మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది. పెద్దమ్మ అప్పటికి జవళగిరి అడవిలోని దేవతలను పిలుస్తోంది. అక్కడి నుంచి కర్ణాటకలోకి దాటితే ఆ రాష్ట్రంలో ఎందరున్నారో ఆలోచించి నాకు చెమట పట్టింది. పంపు ఇంకొంచెం వేడెక్కింది. స్విచ్చు ఆపేస్తే అది నాలుగోసారి పడిపోయినట్టే లెక్క. రెడ్డిగారు నన్ను చూశారు. నేను రెడ్డిగారిని చూశాను.

అప్పుడు మునిరాజు ఒక అడుగు ముందుకు వేశాడు.

"పెద్దమ్మా," అన్నాడు. "ఇంగ తెరవాల. లోపల నీళ్ళు కాగిపోతా ఉండాయి. మిగిలిన దేవుళ్ళను పండు కోసేటప్పుడు పిలుద్దురు."

పెద్దమ్మ కళ్ళు తెరిచి అతన్ని చూసింది. పొద్దున పంపుగది నుంచి వెళ్ళగొట్టిన మనిషి.

"ఎట్ల తిప్పాల?" అంది.

"ఈ పక్కకు. రోంత రోంతగా. ఆ కరెంటు ముల్లు ఎర్రగీత దాటకుండా."

ఆమె తిప్పింది. చక్రం బిగువుగా ఉంటే మునిరాజు కూడా చెయ్యి వేశాడు. ఆమె వద్దనలేదు. పైపులో గురగురమని శబ్దం పైకి పాకింది. కడిగే షెడ్డులో ఆడవాళ్ళు కేక వేశారు, నీళ్ళు వచ్చాయని. లారీ తలుపులు దడదడా తెరుచుకున్నాయి. పండు దిగడం మొదలైంది. గుమాస్తా గొడుగు మూసుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

నేను సామాన్లు సంచిలో వేసుకుంటూ ఉండగా పెద్దమ్మ పంపు దగ్గరే నిలబడి, షాఫ్టు మొదట్లో చుక్కచుక్కగా నీళ్ళు కారడం చూసింది. అక్కడ గ్లాండ్ అనే చోట తాడు లాంటి ప్యాకింగు చుట్టి ఉంటుంది. నన్ను కాదు, మునిరాజును అడిగింది.

"అదేమప్పా, కొత్త పంపు కారతా ఉండాది. బిగించరాదా?"

"కారాల పెద్దమ్మా. ఆ చుక్కలే లోపలి తాడుకు చల్లదనం. బిగించేస్తే కాలిపోతాది."

"అట్లనా," అని ఆమె తల ఊపింది. తరువాత గట్టిగా, షెడ్డులో వాళ్ళకు కూడా వినబడేటట్టు అంది. "రేపటినుంచి ఈ గదిలో మునిరాజు చెప్పినట్టే జరగాల. గోపాలా, నీకూ చేర్చే చెప్తా ఉండాను."

షెడ్డులో పండ్లు ఏరుతున్న ఆడవాళ్ళలో ఒకామె తల వంచుకుని మరీ వేగంగా ఏరసాగింది. ఆమె మునిరాజు భార్య అని వేరే చెప్పనక్కరలేదు. నాకు ఆ సాయంత్రం ఒక బుట్ట మామిడిపండ్లు ఇచ్చారు. అందులో ఒక్కో పండు నా తలకాయంత ఉంది. బస్సులో దానికి కూడా టిక్కెట్టు కొట్టాల్సింది, కండక్టరు మంచివాడు గనుక వదిలేశాడు.

మునిరాజు ఆ తరువాత చాలా సీజన్లు ఆ గదిలోనే పనిచేశాడు. ప్రతి సంవత్సరం పూజనాడు స్విచ్చు అతను వేసేవాడు, వాల్వు పెద్దమ్మ తెరిచేది, ప్రార్థన ముందే పూర్తి చేసుకుని.

ఆ రోజు నాకు పంపు గురించి కొత్తగా ఏమీ నేర్పలేదు. నేర్పడం గురించి నేర్పింది. వాల్వు మూసి మొదలుపెట్టాలని మునిరాజుకు నేను చెప్పాను. మెల్లగా తెరవాలని చెప్పాను. పెద్దవాళ్ళు వచ్చి తెరువు అంటే ఏమనాలో మాత్రం చెప్పలేదు. పొద్దున పంపును ఆపింది రిలే కాదు, అతనికి నేను నేర్పకుండా వదిలేసిన ఆ ఒక్క మాట. పంపులు నడిపేవాళ్ళు చాలామంది పని తెలియక తప్పు చెయ్యరు. తెలిసిన పనిని పైవాళ్ళకు అడ్డం చెప్పలేక తప్పు చేస్తారు.

అందుకే అప్పటి నుంచి ఎక్కడ పంపు బిగించినా చివర ఒక పరీక్ష పెడతాను. కుర్చీ వేసుకుని నేనే పెద్దమ్మలా కూర్చుని, మూసిన వాల్వు తెరవమని ఆపరేటరుకు హుకుం ఇస్తాను. అతను కాదనాలి. రెండువేల సంవత్సరం దాటాక హోసూరు ఫ్యాక్టరీలకు ఆంధ్రా, తెలంగాణ వైపు నుంచి చాలామంది పనికి వచ్చారు. వాళ్ళలో కరీంనగర్ నుంచి వచ్చిన ఒకాయన మరీ మర్యాదస్తుడు. నేను హుకుం ఇచ్చిన ప్రతిసారీ లేచి వాల్వు తెరిచేసేవాడు. ఏమయ్యా అంటే, "మీరు పెద్దోళ్ళు సార్, మీ మాట ఎట్ల కాదంట?" అనేవాడు. ఆ పొద్దంతా నేను ఆయన్ను వదల్లేదు. కాఫీ తాగొచ్చి మళ్ళీ కూర్చుని, ఈసారి కర్ర కూడా పట్టుకుని గద్దించాను.

ఆయన వాల్వు చక్రం మీద చెయ్యి వేసి నా వైపు తిరిగాడు.

"మోటరు స్పీడు అందుకున్నంక నేనే తెరుస్త సార్. మీరు జర పక్కకు జరుగుండ్రి."

కుర్చీ ఎత్తుకుని పక్కకు జరిగాను.